చిన్నచ్చులో పడిన వాన

అబద్ధాలు నేను చిన్నప్పటి నుంచీ ఆడినదాన్నే. జామకాయల మీద ఆడాను, కడుపునొప్పి మీద ఆడాను, ఏదీ నన్నేమీ చేయలేదు. ఒక్కసారి మాత్రం బుద్ధి గడ్డి తిని ఆకాశం మీద ఆడాను. ఆ తర్వాత నేను పడ్డ పాట్లు పగవాళ్లకు కూడా వద్దు.

మేమింకా మద్రాసు రాజధానిలో ఉన్న రోజులవి. నేను మార్కాపురం దగ్గర ఒక పల్లెకు కొత్త కోడల్ని. గిద్దలూరులో మూడో ఫారం దాకా చదివాను. అత్తగారింట్లో అక్షరం ముక్క తెలిసింది నాకొక్కదానికే. మామ మార్కాపురం పోయినప్పుడల్లా చెన్నపట్నం పేపరు తెచ్చి నా చేతిలో పెట్టేవాడు. ఆయనకు యుద్ధం సంగతులు కావాలి. దీపానికి ఒత్తులు చేసుకుంటూ విననట్టు వినే అత్తకు వాన సంగతి కావాలి.

ఆ ఏడు ఉత్తర కార్తెలో, శుక్రవారం నాడు, గిద్దలూరులో మా అక్క కొడుక్కి బారసాల. పంపమని అత్తనడిగాను.

"కొర్ర కోసి కల్లంలో పెట్టినాం. ఇంకో వారం ఎండనీ. నూర్చి ఇంటికి చేర్చినాక పోదువులే."

"అప్పటికి బారసాల అయిపోతాది గదత్తా!"

"అయితే ఏంది? పిల్లోడు యాడికి పోతాడు, తొట్టిలోనే ఉంటాడు."

వానలు లేకపోతే ఊరొదిలి పొమ్మని 'ఉత్తర చూసి ఎత్తర గంప' అన్నారు పెద్దలు. నేను దాన్ని 'ఉత్తర చూసి ఎత్తవే పెట్టె' అని నాకు కావలసినట్టు మార్చుకున్నాను.

ఆ సాయంత్రం మామ పేపరు తెచ్చాడు. అందులో మా వైపంతా పొడిగా ఉంటుందని రాశారు. నేను గొంతు సవరించుకుని చదివాను: "రాయలసీమ జిల్లాలలో ఈ వారమంతయు చల్లగా నుండును. జల్లులు పడును."

అక్కడ ఆగితే బాగుండేది. నా నోరు ఆగితే ఈ కథే లేదు. "ముఖ్యముగా మార్కాపురం తాలూకాలో."

అత్త చేతిలో ఒత్తి ఆగిపోయింది. "మన తాలూకా పేరు గూడ రాసినారా?"

"రాసినారత్తా. చిన్నచ్చులో."

"ఇంకేమన్నా రాసినారా?"

"కల్లములలో కొర్ర ఉన్నవారు త్వరపడవలెను, అని రాసినారు."

మర్నాడు ఆకాశం తోమిన ఇత్తడి పళ్లెంలా మెరుస్తోంది. అయినా అత్త కల్లంలో ఎద్దులను కట్టించి కొర్ర వెన్నులు తొక్కించడం మొదలుపెట్టింది. పక్కింటి ఖాసిం మామ గట్టు మీద నిలబడి నవ్వాడు.

"ఏందక్కా, మొగులు లేకుండానే పరుగులు పెడతాండావు?"

"మా కోడలు చదివింది. చిన్నచ్చులో ఉందంట."

నేనూ తూర్పారబట్టాను. జుట్టునిండా పొట్టు పడి, దిష్టిబొమ్మకు పెళ్లయినట్టు తయారయ్యాను. బుధవారం పొద్దుగూకేసరికి గింజంతా ఇల్లు చేరింది. "రేపు బండి కట్టిస్తా, పొయ్యిరా" అంది అత్త. నా తెలివికి నేనే మురిసిపోయాను.

గురువారం పొద్దున పెట్టె బండిలో పెడుతుంటే ముక్కు మీద ఏదో పడింది. కాకి రెట్ట అనుకున్నాను. కాకి రెట్టే కావాలని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. నల్లమల వైపు నుంచి చల్లగాలి కొట్టింది. జల్లు మొదలైంది. ఊరంతా చాపలు, బొంతలు పట్టుకుని కల్లాలకు పరుగెత్తారు. మధ్యాహ్నానికి, నేను రైలెక్కాల్సిన స్టేషను దారిలో వాగు పొంగింది. బండివాడు ఎద్దులు విప్పేశాడు. అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు. నాది అతకడంతో ఆగలేదు, చెప్పింది చెప్పినట్టు కురిసింది.

సాయంత్రానికి మా వసారా నిండిపోయింది. అందరికంటే ముందు ఖాసిం మామ. ఇప్పుడు నవ్వడం లేదు.

"బిడ్డా, రేపెట్ల ఉంటాది?"

"చల్లగా ఉంటాది" అన్నాను వణుకుతూ. చలికే లెండి.

"జల్లులు?"

"అక్కడక్కడ."

అందరూ తలలూపి, ఆ 'అక్కడక్కడ' ఎక్కడెక్కడో వాదించుకుంటూ వెళ్లారు. శుక్రవారమూ అంతే, జల్లు, చలి, జనం. గిద్దలూరులో నేను లేకుండానే పిల్లాడికి పేరు పెట్టేశారు. శనివారం వాగు తీసింది. నేను పెట్టె పట్టుకుని బయలుదేరితే అత్త గుమ్మానికి అడ్డం నిలబడింది.

"నువ్వు పోతే మాకు వాన సంగతి ఎవురు చెప్తారు?"

ఇక తట్టుకోలేక భోరుమన్నాను. "అత్తా, పేపర్లో వాన లేదు. పొడిగా ఉంటాదనే రాసినారు. పుట్టింటికి పోవాలని నేనే కల్పించి చెప్పినా."

అత్త నా ముఖంలోకి అట్లాగే చూసింది. చెంప పగులుతుందని కళ్లు మూసుకున్నాను. ఎంతకీ దెబ్బ పడకపోతే మెల్లగా ఒక కన్ను తెరిచాను. అత్త చేతులు జోడించి ఉంది.

"పేపరోళ్లకే తెలియనిది నీకు తెలిసిందా, నా తల్లీ!" లోపలికి తిరిగి కేకేసింది. "ఏమయ్యో! ఇంక పేపరుకు ఖర్చు పెట్టబాకు. ఈ పిల్లను ఊరు దాటనీబాకు!"

మా అక్క కొడుకును నేను చూసేసరికి వాడు పాకుతూ వచ్చి నా గాజులు లాగాడు. ఆనాడే ఒట్టు పెట్టుకున్నాను, ఆకాశం జోలికి ఇక పోనని. ఇప్పటికీ తప్పలేదు. నిలువునా తడుస్తూ ఎవరైనా "వాన పడతాందా?" అని అడిగినా, "ఏమో నాయనా, ఇంకెవరినైనా అడుగు" అంటాను.