మూడు మొక్కుల గుండు

నెత్తిమీద ఏదో ఒకటి లేకుండా మగవాడు గడప దాటని కాలంలో పుట్టాను నేను. మా మంథని వైపు రైతుకు రుమాలు, కచ్చేరి గుమాస్తాకు కుచ్చు టోపీ, దుకాణం సావుకారుకు నల్ల టోపీ. ఎండకూ, వానకూ, మర్యాదకూ అన్నింటికీ ఒకటే ఏర్పాటు. ఆ ఏర్పాటు కింద పంట పండిందా ఎండిందా అన్న సంగతి ఇంటి ఆడమనిషికీ, క్షౌరం చేసే మనిషికీ తప్ప మూడోవాళ్ళకు తెలిసేది కాదు. మా బాపుకు, అంటే నాన్నకు, బట్టతల ఉందని నాకు తెలిసింది ఆయన బావిలో మునిగి లేచిన ఒక రోజున (ఎవరో కొత్త మనిషి మా బావిలో ఈత కొడుతున్నాడని కేకలు వేసి మా అమ్మను, అదే మా అవ్వను, పిలిచాను). తర్వాత నిజాం రాజ్యం పోయింది. దాని వెనకే మెల్లగా టోపీలూ పోయాయి. చదువుకున్న పిల్లలంతా నెత్తికి గాలి తగలనిచ్చి, క్రాపు పెంచి, నుదుటి మీద ఇంత ఎత్తున గుబురు లేపి తిరగడం మొదలుపెట్టారు. మగవాడి జుట్టుకు లోకంలో విలువ వచ్చిన సరిగ్గా ఆ సమయంలోనే నా జుట్టు నన్ను వదిలి వెళ్ళిపోవడం మొదలుపెట్టింది.

అప్పటికి నాకు బడిపంతులుగా కొత్తగా నౌకరి దొరికింది. మీసం ఇంకా సరిగ్గా కుదురుకోలేదు గాని, నడినెత్తి మాత్రం పెద్దమనిషి అయిపోయింది. నేను చెయ్యని వైద్యం లేదు. గుంటగలగరాకు నూనె రాశాను. ఉల్లిగడ్డ రసం పట్టించాను (రెండో రోజున బళ్ళో ముందు వరుస పిల్లలంతా వెనక వరుసకు పోయి కూర్చున్నారు). చివరికి ఎడమ చెవి పక్కన మిగిలిన వెంట్రుకలను పొడుగ్గా పెంచి, నూనె పెట్టి, నెత్తి మీదుగా కుడి చెవి దాకా పరిచి అతికించడం అలవాటు చేసుకున్నాను. ఇంట్లో కూర్చున్నంతసేపు ఆ వంతెన బాగానే నిలిచేది. సైకిలెక్కి బడికి పోతుంటే మాత్రం గాలికి లేచి జెండాలాగా ఎగిరేది. అందుకని ఒక చేత్తో హ్యాండిలు పట్టుకుని, రెండో చెయ్యి నెత్తిమీద పెట్టుకుని తొక్కేవాణ్ణి. దారిలో పొలాల్లో పనిచేసేవాళ్ళు నేను సలాం పెడుతున్నాననుకుని తిరిగి సలాం పెట్టేవాళ్ళు. "కొత్త సారు మస్తు మర్యాదస్తుడు" అని చుట్టుపక్కల ఊళ్ళల్లో పేరు వచ్చింది.

మర్యాదకు పేరొచ్చినా పెళ్ళి మాత్రం కుదరలేదు. మా చిన్నమామ ఒకాయన ఉండేవాడు. సంబంధాలు చూడటమే ఆయన పని, అందుకోసం ఎప్పుడూ ఏదో ఒక బస్సులోనే ఉండేవాడు కాబట్టి అందరం బస్సు మామ అనేవాళ్ళం. ఆయన తెచ్చిన మొదటి సంబంధం వాళ్ళు నన్ను చూసి, చాయ్ తాగి, "ఆలోచించి చెప్తం" అని వెళ్ళారు. ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉన్నారు. రెండోసారి వచ్చిన ముసలాయన నన్ను ఎగాదిగా చూసి బస్సు మామతో, "అన్న మంచిగనే ఉన్నడు గని, పెండ్లి పిల్లగాడేడి?" అన్నాడు. నాకు అన్నలు లేరు, తమ్ముళ్ళూ లేరు. ఆ మధ్యాహ్నం నేను అన్నం తినలేదు. హాస్యానికి ఇప్పుడు చెబుతున్నాను గాని, ఇక ఈ జన్మకు పెళ్ళి లేదనే అనుకున్నాను.

అప్పుడే మా అవ్వ రంగంలోకి దిగింది. ఒక రోజు వాకిట్లో బియ్యం చెరుగుతూ, "నీకు నౌకరి దొరికితె నీ ఎంటికలిస్తనని కొండగట్టు అంజన్నకు మొక్కిన కొడుకా. ఇంక తీర్చలే. గందుకే సంబంధాలు చెడిపోతున్నయి" అంది.

"ఉన్నయే పిడికెడు. అవి గూడ ఇస్తే మళ్ళ మొలుస్తయో లేదో" అన్నాను ఏడుపు గొంతుతో.

అవ్వ చాట పక్కన పెట్టి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించింది. "పిచ్చోడా! గుండైనంక ఎవలకు ఎన్ని ఎంటికలుండెనో ఎవలు చూడవచ్చిండ్రు? అంజన్న కాడికి పోయొచ్చినంక పట్వారి నెత్తైనా పాలేరు నెత్తైనా ఒక్కతీరే కనవడ్తది. బస్సు మామ ఖానాపూర్ దిక్కు మంచి సంబంధం చూసిండు. పిల్ల తండ్రి వచ్చే వారం ఇల్లు చూడవస్తుండు. నువ్వు ఫికర్ చేయకు, నడువ్."

నేను ట్రెయినింగు పాసైనవాణ్ణి. మా అవ్వకు అక్షరం ముక్క రాదు. అయినా అంత తెలివైన మాట ఆ వయసు దాకా నేను వినలేదు. మర్నాడే కొండగట్టు చేరాం. అవ్వ కొబ్బరికాయ కొనుక్కుని వచ్చేసరికి నా క్షౌరం అయిపోయింది. నాతోపాటు కూర్చున్నాయనకు ఇంకా ఒక చెవి చుట్టే కత్తి తిరుగుతోంది. స్నానం చేసి వరుసలో నిలబడి చుట్టూ చూశాను. ముందూ వెనకా అన్నీ గుండ్లే. ఎవరిది సొంతమో, ఎవరిది మొక్కుదో దేవుడికి తప్ప తెలియదు. నా సంతోషం చెప్పలేను. సాటి మగవాళ్ళ పక్కన తల ఎత్తుకుని నిలబడి ఎన్నాళ్ళయిందో!

అంతా బాగానే ఉండేది, గోదావరి పొంగకపోతే. ఎగువన వానలు పడి, వాగులన్నీ నిండి, ఖానాపూర్ వైపు బస్సులు ఆగిపోయాయి. పిల్ల తండ్రి రావడం ఆలస్యమైంది. ఈలోగా నా నెత్తి తన నిజస్వరూపం చూపించసాగింది. చెవుల చుట్టూ, మెడ మీదా నల్లగా మొలక వేసింది. నడుమ మాత్రం ఏమీ లేదు. చెరువు చుట్టూ తుంగ మొలిచినట్టు, నడుమ నీళ్ళు మెరిసినట్టు అయింది నా వాలకం. రేపోమాపో వాళ్ళు వస్తారనగా అవ్వ నన్ను వెలుతురులోకి లాగి చూసి, "అయ్యో! వేములవాడ రాజన్నకు గూడ మొక్కిన. యాది మరిచిన" అంది.

రెండో గుండుతో ఉన్నప్పుడు వచ్చాడు పిల్ల తండ్రి. పొడుగాటి మనిషి, తెల్లని రుమాలు, ప్రతి మాటకూ ముందో వెనకో "బరోబర్" (సరిగ్గా అంతే) అనే అలవాటు. నా గుండు మీద వేములవాడ పసుపు ఇంకా ఆరలేదు. "రాజన్న కాడికి పోయొచ్చిండ్రా సారు?" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోగానే బస్సు మామ అందుకున్నాడు. "గంతకు ముందు కొండగట్టు గూడ పోయొచ్చిండు బావా. మావోనికి దేవుడంటె పానం." పెద్దమనిషి ముఖం వికసించింది. "బరోబర్! గీ కాలం పోరగాండ్లు గుడంటె మొఖం తిప్పుకుంటరు. టాకీసుకయితె ఉరుకుతరు. మీరు వేరే. పిల్లను చూడ రండ్రి." నేను తల దించుకున్నాను. ఆయన దాన్ని వినయం అనుకున్నాడు.

వాళ్ళ ఊరికి పోవడానికి మళ్ళీ కొన్నాళ్ళు పట్టింది. కోతలని కొన్ని రోజులు, బడిలో పరీక్షలని కొన్ని రోజులు. ఆలోగా తుంగ మళ్ళీ మొలిచింది. ఈసారి అవ్వ ఏమీ మొహమాటపడలేదు. "ధర్మపురి నర్సింహస్వామి తొవ్వల్నే ఉన్నడు గదా, ఆయన ఒక్కన్ని ఎందుకు ఇడిసిపెట్టాలె?" అంది. అక్కడ గోదావరి ఒడ్డున మూడో గుండు అయింది. ఆ సాయంత్రమే బయలుదేరాల్సింది. అమావాస్య అడ్డం వచ్చిందని బస్సు మామ మమ్మల్ని అక్కడే సత్రంలో రెండు రోజులు ఆపేశాడు. చెవుల పక్కన కొంచెం గరుకు తేలింది గాని, చూపుకు తెలిసేంత కాదు.

పిల్ల ఇంట్లో కాళ్ళకు నీళ్ళిచ్చారు, గొంగడి పరిచి కూర్చోబెట్టారు. ఎండకు నెత్తికి చుట్టుకున్న రుమాలు తీసి పక్కన పెట్టాను. పిల్ల తండ్రి నా తల వైపు చూసి ఆగిపోయాడు. "రాజన్న గుండు ఇంక గట్లనే ఉన్నదేంది?" అన్నాడు. "గది రాజన్నది గాదు బావా, గిది ధర్మపురిది" అన్నాడు బస్సు మామ గొప్పగా. ఈసారి ఆయన "బరోబర్" అనలేదు.

పిల్ల చాయ్ గ్లాసులు తెచ్చి పెట్టింది. చామనచాయ, పెద్ద కళ్ళు. నా వైపు ఒక్కసారి చూసి, నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంటూ లోపలికి వెళ్ళింది. నన్ను చూసి జాలిపడినవాళ్ళున్నారు, ముఖం తిప్పుకున్నవాళ్ళున్నారు. నా ముఖం చూసి నవ్వుకున్న ఆడపిల్ల ఆమే మొదలు. ఆమెను చేసుకుంటే బాగుండునని ఆ క్షణంలో చాలా బలంగా అనిపించింది. సరిగ్గా అప్పుడే, బస్సు మామను పెరట్లోకి తీసుకుపోయిన పిల్ల తండ్రి గొంతు వినిపించింది. గుసగుసగానే మాట్లాడుతున్నాననుకున్నాడు పాపం.

"మొన్న కొండగట్టు, నిన్న వేములవాడ, గియ్యాల ధర్మపురి. రేపు కాశికి పోతడు! మా ఊళ్ళె ఒకడు గిట్లనే గుళ్ళు తిరుక్కుంట తిరుక్కుంట పెండ్లాం పిల్లలను ఇడిసి మఠంల కలిసిండు. సన్నాసయ్యెటోనికి నా బిడ్డనెట్లిత్తును?"

బస్సు మామ పెరటి గుమ్మంలోంచి తొంగిచూసి అవ్వకు సైగ చేశాడు. అవ్వ లేచి పోయి, "మావోడు సన్నాసి గాదన్నా. కోడికూర తింటడు" అంది. "సన్నాసులందరు ముందుగాల తిన్నోళ్ళేనక్కా" అన్నాడాయన. జుట్టు లేదని రెండు సంబంధాలు పోయాయి. ఇప్పుడు భక్తి ఎక్కువైందని మూడోది పోతోంది!

అప్పటిదాకా మూలన నులక మంచం మీద ఒక ముసలమ్మ కదలకుండా కూర్చుని ఉంది. పిల్ల నాయనమ్మ. రెండు కళ్ళకూ పొర కమ్మింది. "గా పిలగాన్ని గిటు రమ్మనుండ్రి. నాకు కండ్లు కానరావు, చేతుల్తోటి చూస్త" అంది. వెళ్ళి ఆమె ముందు కూర్చున్నాను. ఆమె అరచెయ్యి నా చెవి పక్కన ఆనింది. గరగరమంది. అక్కడినుంచి మెల్లగా పైకి జరిగి, నడినెత్తికి వచ్చి ఆగింది. మళ్ళీ కిందికి దిగి రెండో చెవి దాకా పోయి, మళ్ళీ పైకి వచ్చింది. ముసలమ్మ బోసినోరు మెల్లగా విచ్చుకుంది.

"ఒరేయ్, సన్నాసి గాదు, ఏం గాదు. ఊకె పరేషాన్ గాకుండ్రి. గిది దేవునికిచ్చిన గుండు గాదు, దేవుడే తీస్కున్న గుండు. మా ముసలాయనది గిట్లనే ఉండె. నాకు తెల్వదనుకొని పాపం, సచ్చేదాంక రుమాలు ఇప్పలే."

అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇక దాచడానికి నా దగ్గర ఏం మిగిలింది గనుక? "నిజమే" అన్నాను లేచి నిలబడి. "నాకు నెత్తిన ఎంటికలు లెవ్వు. ఇగ రావు. ఉన్నదున్నట్టు చూస్తె వద్దంటరని భయపడి గిన్ని గుండ్లు కొట్టిచ్చుకున్న."

పిల్ల తండ్రి దగ్గరికి వచ్చాడు. "అంటె మఠంల కలువరు?"

"కలువ."

"దేవుడంటె మరి?"

"అందరికి ఉన్నంతనే."

ఆయన గొంగడి మీద కూలబడి పెద్దగా ఊపిరి వదిలాడు. "బరోబర్! గా ముక్క ముందుగాల చెప్పొద్దా సారూ? నా పానం పోయినంత పనాయె." తలుపు వెనక నుంచి, అంతసేపూ అణచిపెట్టుకున్న నవ్వు ఒక్కసారిగా బయటపడింది. ముసలమ్మ మనుమరాల్ని పిలిచి చెవి అప్పగించింది. పిల్ల ఏదో చెప్పింది. ముసలమ్మ మా వైపు తిరిగి, "ఇంక ఏ దేవునికన్న మొక్కులున్నయా అని అడుగుతుంది. ఉంటె పెండ్లికి ముందుగాల్నే తీర్చుకొని రమ్మంటుంది" అని చాటింపు వేసినట్టు చెప్పింది.

పెళ్ళి వాళ్ళ ఊళ్ళోనే జరిగింది. తలంబ్రాలప్పుడు ఆమె పోసిన బియ్యం నా నెత్తిమీద గింజ కూడా నిలవకుండా జారి ఒళ్ళో పడుతుంటే ఆడవాళ్ళంతా విరగబడి నవ్వారు. నేనూ నవ్వాను. నా నెత్తి సంగతికి నలుగురిలో నేను నవ్వడం అదే మొదటిసారి. నవ్వితే ఇంత తేలికగా ఉంటుందని తెలిసి ఉంటే ఆ ఉల్లిగడ్డలు కూరలోనే వేసుకునేవాణ్ణి కదా అనుకున్నాను.

కాపురానికి వచ్చిన కొత్తలో ఒక రోజు ఆమె నా సందూకు సర్దుతూ ఒక పాత ఫోటో బయటికి తీసింది. ట్రెయినింగు స్కూల్లో అందరం కలిసి దిగింది. వెనక వరుసలో నేను, నుదుటి మీద జానెడు ఎత్తు గుబురుతో.

"గీయన ఎవలు?" అంది. నేనే అన్నాను కొంచెం గర్వంగా. ఆమె ఫోటోను వాకిట్లోకి తీసుకుపోయి ఎండలో పెట్టి చూసింది. తర్వాత నన్ను చూసింది. మళ్ళీ ఫోటోను చూసింది. "గీయన నన్ను చూడవస్తె నేను ఒప్పుకోకపోదును" అంది.

"ఎందుకు?"

"గంత సేపు అద్దం చూసుకునెటాయన ఇంక నన్నెప్పుడు చూస్తడు?"

ఇప్పుడు మా ఇద్దరికీ వయసు మీద పడింది. అప్పుడప్పుడు ఆ ఫోటో తీసి చూస్తుంటాను. మసకబారిన ఆ ముఖాల్లో నా ముఖం వెతుక్కోవడానికి కాసేపు పడుతుంది. ఆ కుర్రవాడు మెడ బిగించి, ఊపిరి బిగపట్టి నిలబడి ఉన్నాడు, ఎక్కడ గాలి వస్తే గుబురు చెదురుతుందోనని. చూస్తే నవ్వు వస్తుంది, జాలీ వేస్తుంది. భుజం మీద చెయ్యి వేసి, "జర ఊపిరి తీసుకో బిడ్డా, ఏం గాదు" అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినే రకం కాదు లెండి.