చిన్నమ్మ ఒంటరిగా ఎక్కిన బస్సు

మొన్న మంగళవారం ఉరవకొండలో బడికి బయలుదేరుతుండగా ఫోనొచ్చింది. మా చిన్నమ్మ పోయింది. అమ్మకు చెల్లెలు. తనకల్లు దగ్గర మా పల్లెలో పక్కిల్లే కాబట్టి, నా చిన్నతనంలో సగం అన్నం ఆమె చేతిదే. నాలుగు రోజుల జ్వరం, అంతే. కదిరి నుంచి కూతురు వచ్చేసరికి మాట పడిపోయిందట. పల్లె నుంచి కదిరి గంట ప్రయాణం. పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఆ కూతురి ఇంటి గడప చిన్నమ్మ తొక్కలేదు. తగాదా ఏమీ లేదు. బస్సెక్కలేకపోయింది.

పిరికి మనిషి అనుకునేరు. చేన్లో పాము కనిపిస్తే, మగవాళ్ళు కట్టె వెతుక్కునే లోపల ఆమె పని ముగించి మళ్ళీ కలుపు తీసేది. నోరు తెరిస్తే వీధి చివరిదాకా వినిపించేది.

తొంభైల చివర, వానలు వరుసగా ఎగ్గొట్టిన కాలంలో, కదిరి నుంచి వస్తున్న బస్సులో మొదటిసారి ఆ దడ వచ్చింది. గుండె కొట్టుకోవడం, చేతులు చల్లబడటం, ఊపిరి అందకపోవడం. "సచ్చిపోతాండా, దించండప్పా" అని అరిచిందట. దారిలోనే దించేశారు. నేలమీద కూర్చున్న పావుగంటకు మామూలైంది. ఆ తర్వాత హారన్ వింటేనే దడ మొదలయ్యేది. దర్గాలో తాయెత్తు కట్టించాం. గుండె డాక్టరు పరీక్షలన్నీ చేసి, గుండెకేమీ లేదన్నాడు. మనిషికే ఏమీ లేదని మేము తీర్మానించుకున్నాం. "ఏమీ లేకుండానే ఇట్లయితాదా? నేను నాటకాలాడతాండానా?" అని ఆమె ఏడ్చేది.

అప్పటికి నేను టీచర్ ట్రైనింగ్ ముగించి ఇంటిపట్టునే ఉన్నాను. జీపు మాట్లాడి అనంతపురంలో మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకుపోయాం. "పిచ్చి డాక్టరు దగ్గరికా?" అని చిన్నాయన దారిపొడుగునా సణిగాడు. డాక్టరు మాత్రం తీరిగ్గా చెప్పాడు. "దొంగ లేకపోయినా కుక్క మొరిగినట్టు, ఆపద లేకపోయినా ఒళ్ళు భయపడుతోందమ్మా. ఈ దడ ప్రాణం తీయదు." ఎందుకొచ్చిందంటే ఒక్క కారణం చెప్పలేమన్నాడు. మా అమ్మమ్మకూ ఇట్లాంటి దడ ఉండేదని విని తలూపాడు. వానల్లేక వాళ్ళ చేన్లో బోరు ఎండిందని చెబితే, దాని గురించి కూడా అడిగాడు. మాత్రల గుణం తెలియడానికి కొన్ని వారాలు పడుతుందనీ, తనను అడగకుండా మానొద్దనీ చెప్పాడు. "రోజూ ఒక్క స్టాపు దూరం బస్సెక్కించండి. భయం వచ్చినా దిగొద్దు, కాసేపటికి అదే తగ్గుతుంది. తోడు పోవడం మెల్లగా మానెయ్యండి" అన్నాడు.

ఆ చివరి మాటే మాకు మింగుడుపడలేదు. ఒంట్లో బాగాలేని మనిషిని తోడు లేకుండా గడప దాటించడం మా ఇళ్ళలో లేదు. "మాత్రలు సరే, ఒంటిగా పంపేదేంది? మనం మనుషులం కామా?" అన్నాడు చిన్నాయన. నాకూ అదే న్యాయమనిపించింది.

రెండు నెలలకు గుణం కనిపించింది. మొదట బస్సులో నా మణికట్టు నొప్పి పుట్టేలా పట్టుకొని కూర్చునేది. పోనుపోను వదిలేసింది. "ఈ పొద్దు నా కుక్క మొరగల్యా రా! దానికీ నా వాసన తెలిసినట్టుండాది" అని నవ్వేది.

తర్వాత ఒక్కరోజుతో అదంతా ఆగిపోయింది. మాత్రలూ మానేసింది. మళ్ళీ డాక్టరు దగ్గరికి పోదామని ఎంత బతిమాలినా కదల్లేదు. ఆ రోజు గురించి నన్ను ఒక్క మాట అనలేదు, ఎప్పటిలాగే పిలిచి అన్నం పెట్టింది. తిట్టి ఉంటే బాగుండేది. ఆమె అననిది నేనే చెప్పుకోవాలి.

ఆ రోజు తానే అంది: "నువ్వు ఈడే నిలబడు. నేనొక్కదాన్నే పోయి తిరుగు బస్సుకొస్తా. ఇది అయితే వచ్చే నెల కదిరికి, పాప ఇంటికే."

ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. బస్సు కదిలింది. ఆమె తల ఉన్నట్టుండి ముందుకు వాలింది. "ఆపప్పా, ఆపు!" అని అరుస్తూ పరుగెత్తి బస్సు రేకును దబదబా బాదాను. కండక్టరు విజిలేశాడు. ఎగపోస్తూ పైకెక్కాను.

చిన్నమ్మ వంగింది కిందపడిన టికెట్టు కోసం. దాన్ని వేళ్ళ మధ్య పట్టుకొని, చెమటలు కారుతున్న నా ముఖంలోకి చూసింది.

"ఏమైంది రా? నాకేమన్నా అయితాండాదా?"

ఏమీ లేదన్నాను. ఆమె చెయ్యి మెల్లగా గుండె మీదికి పోయింది.