సూపర్‌వైజర్ దగ్గర కొట్టేసిన చూపు

టీవీలో నన్ను చూసి తిట్టుకునే వాళ్లందరికీ ఒక మాట చెప్పాలి. ఆ చూపు నాది కాదు. పటాన్‌చెరు దగ్గర ఒక మందుల కంపెనీ ప్యాకింగ్ సెక్షన్‌లో కొట్టేసింది.

నటిని కాకముందు రెండేళ్లు అక్కడ మా అమ్మ పక్కనే నిలబడి మాత్రల డబ్బాలు సర్దేదాన్ని. మా సూపర్‌వైజర్ మేడం అరిచే మనిషి కాదు. కళ్లజోడు ముక్కు చివరికి జార్చి, మన చెప్పుల దగ్గర మొదలుపెట్టి నెత్తి దాకా తీరిగ్గా చూసేది. చివర్లో "ఊఁ" అనేది. మంచినీళ్లకు వెళ్లొచ్చినా అదే చూపు, ముక్కు చీదినా అదే చూపు.

ఒకసారి ఇస్మాయిల్‌ఖాన్‌పేట గుడికి వెళ్తే అక్కడ సీరియల్ షూటింగ్ జరుగుతోంది. జనంలో నిలబడమన్నారు, నిలబడ్డాను. అలా చిన్నచిన్న వేషాలు మొదలయ్యాయి. ఏడుపు వేషమిస్తే నేను ఏడ్చేసరికి కెమెరా ఆయన నవ్వు ఆపుకోలేకపోయాడు. చివరికి గయ్యాళి అత్త వేషం దొరికింది. నాకు ముప్పై నాలుగు, నా కోడలికి ముప్పై. కోడలు రెండోసారి అన్నం పెట్టుకుంటుంటే చూడమన్నారు. కళ్లజోడు అడిగి తీసుకున్నాను. ఒక్క టేకులో అయిపోయింది.

ఆ చూపు ఎవరిదో అమ్మతో పనిచేసే వాళ్లు మొదటిరోజే పట్టేశారు. కంపెనీ బస్సులో ఎవరో ఒకరు "ఊఁ" అనడం, మిగతావాళ్లు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వడం. ఆ సంగతి వింటూ నేను తెగ మురిసిపోయాను.

ఒకరోజు అమ్మ ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. కూతుర్ని గేటు దగ్గరికి తీసుకురమ్మని మేడం చెప్పిందట. అమ్మది కాంట్రాక్టు పని, మేడం ఒక్క మాటంటే పోయేది. నా సీరియల్‌ను ఎప్పుడు ఆపేస్తారో తెలియదు. ఆగితే మా పొయ్యి వెలిగేది అమ్మ పనితోనే.

"నీకు వేరే మనిషే దొర్కలేదా సూడనీకి?" అంది అమ్మ.

మర్నాడు మధ్యాహ్నం రెండింటికి షిఫ్టు వదిలారు. ఆడవాళ్లెవరూ బస్సెక్కలేదు, తమాషా చూడ్డానికి నిలబడ్డారు. మేడం వచ్చి నన్ను చెప్పుల నుంచి నెత్తి దాకా చూసింది. దారిపొడవునా వల్లెవేసుకున్న క్షమాపణ కాస్తా మర్చిపోయాను.

"సీరియల్‌ల సూసినట్లు నా దిక్కు ఒక్కసారి సూడు," అంది. నేను నసుగుతుంటే తన కళ్లజోడే తీసి చేతిలో పెట్టింది.

ఇక తప్పలేదు. పెట్టుకుని జార్చాను, ఆడవాళ్లు కిసుక్కుమన్నారు. ఆమె చెప్పుల దగ్గర మొదలుపెట్టాను, ఒకదానికి తెగిన పట్టీ పిన్నీసుతో కలిపి ఉంది. మొహం దాకా వచ్చేసరికి ఆమె తల వంచుకుని, టిఫిన్ డబ్బా గుండెకు హత్తుకుని నిలబడి ఉంది. ఆమె ముందు మా అమ్మ నిలబడేది అలాగే.

"అచ్చం మా అత్త," అంది మేడం. "రెండోసారి అన్నం వెట్టుకుంటే గిట్లనే సూసేది. ఆమెను నువ్వేడ సూసినవ్ బిడ్డా?"

నవ్వులు ఆగిపోయాయి. నాకు సిగ్గేసింది. అమ్మను పనిలోంచి తీయొద్దని ఏదో గొణిగాను.

"మీ అమ్మనెందుకు తీస్త?" అంది అర్థంకాక.

కళ్లజోడు ఆమెకిచ్చేశాను. అమ్మ ముందుకొచ్చి ఆమె టిఫిన్ డబ్బా ఎత్తి చూసింది. షిఫ్టు అయిపోయినా బరువుగానే ఉంది. పనిచేసిన రెండేళ్లలో మేడం మా ముందు ఒక్క ముద్ద తినడం నేను చూడలేదు, అదీ ఆమె పొగరే అనుకునేవాళ్లం.

అమ్మ ఆమెను వాచ్‌మన్ బెంచీ మీద కూర్చోబెట్టి మూత తీసింది.

"తినుండ్రి మేడం. మేమెవ్వరం సూడం."

ఆడవాళ్లందరూ బస్సు వైపు తిరిగారు. నేనూ తిరిగాను.