చాచా రాసిచ్చిన కాగితం

మా పల్లెకు ఏండ్ల తరబడి ఉత్తరాలు మోసిన పోస్ట్‌మ్యాన్ చాచా పోయిన శుక్రవారం తాండూరులో కన్నుమూశాడని కార్డు వచ్చింది. తెచ్చినాయన దాన్ని గుమ్మంలో పడేసి వెళ్లిపోయాడు. చాచా అట్లా పడేసేవాడు కాదు, చదివేదాకా నిలబడేవాడు. "లోపల ఏమున్నదో ఎవలకెరుక? సదివెటప్పుడు మనిషి ఒక్కడుండొద్దు" అనేవాడు.

పట్నంలో బీయే పాసై వచ్చిన ఏడాది నా బతుకంతా ఆయన సంచీలోనే ఉండేది. పొద్దున అర్జీ రాయడం, మధ్యాహ్నం చాచా వచ్చే పెద్దేముల్ బాట వైపు చూడడం, ఇదే నా కొలువు. ఊళ్లోవాళ్లు "బీయే సాబ్" అని సలాములు కొట్టి నవ్వుకునేవాళ్లు. కందికోతకు పోతానంటే వాళ్లే వద్దనేవాళ్లు. మా నాయిన మాత్రం అన్నం దగ్గర ఒక్కమాట అడిగేవాడు, "ఏమన్న ఒచ్చిందా?" అని. దానికే నేను సగం అన్నంలో లేచిపోయేవాణ్ణి.

నిజాం జమానాలో నౌకరీకెక్కిన చాచాకు ఉర్దూ తప్ప చదవడం రాదు, ఏ ఉత్తరం ఎవరిదో పోస్టాఫీసులో చెప్పించుకుని వచ్చేవాడు. అయినా పొడుగాటి ఖాకీ కవరులో నాకు "లేదు" అనే జవాబే ఉంటుందని నా ముఖం చూసి నేర్చుకున్నాడు. అలాంటి వాటిని ఇంటికి తెచ్చేవాడు కాదు. నన్ను చేను గట్టు మీదికి పిలిచి ఇచ్చేవాడు. నేను చదువుతుంటే అటు తిరిగి సైకిలు గొలుసు సవరించేవాడు. గొలుసు ఎప్పుడూ బాగానే ఉండేది.

ఆ ఏడు దసరాకు నాలుగు రోజుల ముందు ఒక ఖాకీ కవరు వచ్చింది. పండుగ పూట ఇంట్లో ఏడుపెందుకని దాన్ని సంచీ అడుగున దాచాడు చాచా. దసరా సాయంత్రం మా నాయిన ఇచ్చిన జమ్మి ఆకు కళ్లకద్దుకున్నాడు, నాతో అలయ్ బలయ్ తీసుకున్నాడు, కవరు మాట ఎత్తలేదు. మర్నాడు మధ్యాహ్నం గట్టు మీద ఇచ్చాడు. విప్పి చూస్తే వికారాబాదులో ఒక దఫ్తరు వాళ్లు ఇంటర్వ్యూకు పిలిచారు. ఆ రోజే, పొద్దున పది గంటలకు.

"నా నోటికాడి బుక్క గుంజుకున్నవ్" అన్నాను. ఇంకా అనరాని మాటలు చాలా అన్నాను, ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది. చాచా గట్టు మీద కూలబడి, కాగితం తీసి ఉర్దూలో రాశాడు. ఉత్తరం దాచింది తానేనని, పిల్లవాడి తప్పు, కసూరు ఏమీ లేదని.

"రేపు పోయి ఇది చూపెట్టు. మల్ల పిలుస్తరు."

"మరి నీ నౌకరీ?"

"నా ఫికర్ నీకెందుకు బేటా, నువ్వు పో."

మర్నాడు తాండూరులో రైలెక్కి వికారాబాదు వెళ్లాను. నిన్న ఎందుకు రాలేదని గుమస్తా అడిగాడు. చెయ్యి జేబులోకి పోయింది, వేళ్లకు కాగితం తగిలింది. దాన్ని బల్ల మీద పెడితే చాచా ఇంట్లో పొయ్యి ఆరిపోతుందని నాకు తెలుసు. "జ్వరమొచ్చింది సార్" అన్నాను. మళ్లీ పిలవడం కుదరదన్నాడు. తిరుగు రైల్లో ముఖం కిటికీ వైపు పెట్టుకుని ఏడ్చాను. చాచాతో మాత్రం "కాగితం ఇచ్చిన, ఒప్పుకోలే" అని చెప్పాను. ఆయన అటు తిరిగి సైకిలు గొలుసు సవరించాడు.

వానాకాలం మొదట్లో ఇంకో ఖాకీ కవరు వచ్చింది. ఈసారి చాచా గట్టు దగ్గర ఆగలేదు. నేరుగా ఇంటికొచ్చి మా నాయిన చేతిలో పెట్టి, గుమ్మంలో నిలబడ్డాడు. నేను పైకి చదివాను. దౌల్తాబాదు బడిలో పంతులు ఉద్యోగం. మా నాయిన తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ లోపలికి వెళ్లిపోయాడు.

చాచా నా ముందు చెయ్యి చాపాడు. "గా కాగితం ఇటియ్యి."

"దఫ్తర్ల ఇచ్చిన గద చాచా."

"ఇచ్చి ఉంటే గీ అంగి ఇంక నా ఒంటి మీద ఉండునా?" అని ఖాకీ చొక్కా బొత్తాం పట్టుకుని చూపించాడు.

పెట్టెలోంచి తెచ్చి ఇచ్చాను. చించేస్తాడనుకున్నాను. మడత విప్పకుండానే జేబులో పెట్టుకున్నాడు. కాగితం తడవకుండా ఆ జేబును ఒక చేత్తో అదిమిపట్టి, రెండో చేత్తో సైకిలు నడుపుకుంటూ, తుంపర్లో పెద్దేముల్ బాట పట్టాడు.