ఎవరూ మాన్పించని పాలు

మా వదిన చెప్పే కథ వింటే నమ్మకండి. మా ఆయనకు అక్క ఆమె. పెళ్ళిళ్ళలో పంక్తి లేచాక నలుగురు ఆడవాళ్ళు వక్కాకు వేసుకుంటూ కూర్చుంటే చాలు, మొదలుపెడుతుంది.

"ఊరు ఊరంతా అంబలి తాగే కరువులో మా తమ్మునింట్లో దినామూ అర్ధసేరు పాలు పోయించుకునిరి. తాగే బిడ్డ ల్యాదు. కాఫీ కాసుకునేదీ ల్యాదు. తోడేసేది, చిలికేది, ఈదికి పంచేది! బీయే చదివిన పెండ్లాం కదమ్మా, లెక్క బాగా చూసింది. దుడ్లు కట్టిన జాగా కాస్తా పాలల్లో కొట్టుకోని పాయ."

వినేవాళ్ళు నావైపు చూసి, నవ్వాలా వద్దా అని ఆలోచిస్తారు. నేను ఊరుకునే రకం కాదు కాబట్టి అక్కడే జవాబు మొదలుపెడతాను. రెండు మాటలు కాకముందే ఎవరో ఒకరు "పోనీలేమ్మా, అయిపోయిన మాట" అంటారు. అయిపోయిన మాటను తప్పుగా చెబుతుంటే ఎందుకు పోనివ్వాలో నాకు ఇంతవరకు అర్థం కాలేదు. అందుకే రాస్తున్నాను.

పాలు పోయించుకోవడం నిజం. మజ్జిగ పంచడం నిజం. స్థలం పోవడమూ నిజమే. పాల వల్ల స్థలం పోయిందన్నది మాత్రం అబద్ధం. ఏడాది పాల ఖర్చంతా కలిపినా ఆ స్థలంలో పునాది గుంత కూడా వచ్చేది కాదు. స్థలం వాయిదాల డబ్బు పోయింది ఎద్దుల మేతకు. ఆ ఎద్దులు ఎవరివయ్యా అంటే, మా వదిన నాయనవే. పెళ్ళి పందిట్లో ఆ ముక్క ఆమె నోట రాదు.

డెబ్భైల నడిమి మాట ఇది. మేము పామిడిలో రెండు గదుల అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. ఆయన ఒక ఆఫీసులో గుమాస్తా. నాకు మేనత్త కొడుకు కాబట్టి పెళ్ళికి ముందూ తర్వాతా బావ అనే పిలిచాను. నేను అనంతపురంలో డిగ్రీ చదివి, ఉద్యోగం రాక, వాదించడానికి సరైన మనిషి దొరక్క ఇంట్లో ఉన్నాను. పాప పుట్టింది. నా పాలు చాలలేదు. ఏటికి అవతలి పల్లె నుంచి వచ్చే ఒకామె దగ్గర పొద్దునపూట అర్ధసేరు ఎనుము పాలు వాడుక పెట్టుకున్నాం. ఎనుమంటే మా వైపు గేదె. సగానికి సగం నీళ్ళు కలిపి, కాచి, ఉగ్గుగిన్నెతో పట్టేదాన్ని.

పాప తొమ్మిదో నెలలో పోయింది. వాంతులు, విరేచనాలు. అంతకంటే రాయను.

చిన్నపిల్లలను కాల్చరు కాబట్టి ఏటిగట్టున పూడ్చారు. మూడో రోజు అక్కడ పాలు పోసి రావాలి. బావ పట్టుకెళ్ళి పోసినవి కూడా ఆమె తెచ్చిన పాలే. నాలుగో రోజు పొద్దున ఆమె ఎప్పటిలాగే వచ్చి గడప ముందు నిలబడింది. నేను గిన్నె తెచ్చాను. ఆమె వచ్చింది కాబట్టి నేను తెచ్చాను, వద్దని ఎవరూ చెప్పలేదు కాబట్టి ఆమె వచ్చింది. వాడుక అంటే అంతే కదా. కావాలని ఒకసారి చెబితే చాలు, వద్దనేదాకా పోస్తూనే ఉంటారు. ఆ వద్దనడమే మా ఇద్దరికీ ఏడాదిపాటు చేతకాలేదు. వద్దంటే, తాగే మనిషి ఇంట్లో లేదని నోటితో అన్నట్టే. ఆ మాట ఆయన అంటాడేమోనని నేను, నేను అంటానేమోనని ఆయన, ఒకరినొకరం కనిపెట్టుకుని బతికాం.

ఆ ఏడు వాన మొహం చాటేసింది. శనక్కాయ విత్తిన వాళ్ళకు విత్తనం కూడా రాలేదు. ధరలు మాత్రం కొండెక్కాయి. జీతం రోజు సాయంత్రం బావ చాప పరిచి డబ్బు ముందర పెట్టుకునేవాడు. అద్దె ఒక కుప్ప, రాగులు ఒక కుప్ప, కిరసనాయిలు ఒక కుప్ప. రాప్తాడు దారిలో ఉద్యోగస్థులంతా కలిసి తీసుకున్న ఇంటి స్థలం వాయిదా పెద్ద కుప్ప. నెలనెలా ఏదో ఒకటి కోసేయాల్సి వచ్చేది.

"కాఫీపొడి?" అనేవాడు.

"మానేద్దాం."

"నీ పత్రిక?"

"నీ బీడీలు?"

"బీడీలు తాగకపోతే ఆఫీసులో నిద్దరొస్తాది."

"పత్రిక చదవకపోతే నాకు నీతో కొట్లాడేకి విషయాలుండవు."

"అదీ మేలే. రెండూ పోనీ."

అలా బియ్యం పండగలకు పరిమితమైంది. సబ్బు పోయి కుంకుడుకాయలు వచ్చాయి. చాకలికి వేసే బట్టలు నేనే ఉతకడం మొదలుపెట్టాను. అన్నింటి పేరూ చెప్పుకునేవాళ్ళం, అన్నింటి మీదా పోట్లాడుకునేవాళ్ళం. చివర కొంచెం డబ్బు మిగిలేది. బావ దాన్ని పక్కకు జరిపి, మీద అగ్గిపెట్టె పెట్టేవాడు. అది దేనికని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. నెలాఖరున పాలామె చేతికి పోయేది అదే.

ఆ పాలు ఏం చేసేవాళ్ళమని అడుగుతారు అందరూ. తాగలేకపోయాం. ఒకసారి రాగిసంగటిలో పెరుగు వేసుకుంటే బావ ముద్ద మింగలేక లేచిపోయాడు. పారబోయడానికి చేతులు రాలేదు, కరువులో పాలు పారబోసే మనిషిని కాను నేను. తోడేసి, చిలికి, మజ్జిగ పక్కింటి దర్జీ భార్యకు ఇచ్చేదాన్ని. ఆమె నుంచి ఆ వరసలో నాలుగిళ్ళకు తెలిసింది. చెంబులు పట్టుకుని వచ్చేవాళ్ళు. మజ్జిగ ధర్మం చేస్తున్నామని ఒక పెద్దమనిషి బావను ఆఫీసుకొచ్చి మరీ మెచ్చుకున్నాడట. మాకు ధర్మం లేదు, పాడూ లేదు. గిన్నె ఖాళీ కావాలి, అంతే.

ఒక పొద్దున నేను నిశ్చయించుకున్నాను, ఈ రోజు చెప్పేస్తానని. పాలామె కుండ దించి కొలత ముంచింది. నా నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"ఏమ్మా, పాలు పలచగుండాయే. నీళ్ళు పోసినావా?"

ఆమె కొలత కుండలోనే వదిలేసి నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "నీళ్ళా? ఎగతాళి చేస్తాండావా తల్లీ? ఏట్లో చెలమ తవ్వుకోని పొద్దంతా కూచుంటే ఒక బిందె ఊరతాండాది. పాలల్లో పోసేకి నీళ్ళు యాడివి? నీళ్ళే ఉంటే ఈ పాలెందుకు, నీళ్ళే అమ్ముకుంటాంటి!"

లోపల బావ నవ్వాడు. పాప పోయాక ఆయన నవ్వడం అదే మొదలు. ఆ నవ్వు విన్నాక ఇక ఏం చెప్పను? "సరే, పొయ్యి" అన్నాను.

చలి మొదలయ్యే ముందు మామ వచ్చాడు, గుమ్మఘట్ట దగ్గరి ఊరి నుంచి రెండు బస్సులు మారి. చెప్పులు విప్పుకోకుండానే అరుగు మీద కూర్చున్నాడు.

"ఎద్దులు పండుకుంటే లేయలేకుండా ఉండాయిరా. బళ్ళారి తట్టునుంచి సొప్ప బండ్లు వస్తాండాయి. రేటు ఇనేకే బయమైతాది."

"ఎన్నాళ్ళకు కావల్ల నాయనా?" అన్నాడు బావ.

"వాన పడేదాంక."

నేను లోపలినుంచి మజ్జిగ తెచ్చిచ్చాను. మామ తాగి, గ్లాసు కిందపెట్టి, ఇంట్లో పాలు ఎందుకున్నాయని అడగలేదు. ఆయనకు తెలుసనుకుంటాను. ఆయన పోయాక నేను బావతో వాదించాను. ఎద్దులు అమ్మేయమన్నాను. ఎద్దులమ్మిన రైతు మళ్ళీ కొనలేడన్నాడు ఆయన. వాయిదాలు వరసగా తప్పితే స్థలం పోతుందన్నాను. పోతే పోనీ అన్నాడు. నీ అక్క మొగుడికి చెప్పు, వాళ్ళకు బావి ఉంది కదా అన్నాను. చేతికందిన ప్రతి మాటా విసిరాను ఆ సాయంత్రం. ఆయనా తక్కువేం తినలేదు, నా పుట్టింటివాళ్ళ పిసినారితనం దాకా పోయాడు. "ముందు ఆ పాలు మానెయ్యి" అని ఇద్దరిలో ఒక్కరం అనలేదు. కోపంలో కూడా ఆ ఒక్కదాని జోలికి పోలేదు మేము. మా వదిన కథలో ఇది ఉండదు, ఉండడానికి ఆమె అక్కడ లేదు.

ఆమె వచ్చింది ఆ తర్వాత, దగ్గరి ఊళ్ళో ఎవరిదో నిశ్చితార్థానికి. చంకలో చివరి కూతురు, పాలు తాగే పిల్ల. పిల్ల ఏడుస్తుంటే వదిన వంటింట్లోకి వెళ్ళి చూసింది.

"ఏమ్మే, కాచిన పాలుండాయి కదా. గూట్లో ఉగ్గుగిన్నె ఉండాది. రెండు గుక్కలు తాపుతా."

ఆమె గిన్నె తుడిచి పాలు పోసి, పిల్లను ఒళ్ళో పడుకోబెట్టుకుంది. పెరట్లోంచి వస్తున్న బావ చూశాడు. వచ్చి అక్క మణికట్టు పట్టుకున్నాడు.

"దాంట్లో వద్దు."

"ఏంటికిరా?"

"వద్దంటే వద్దు. గ్లాసులో తాపు."

"నీ కూతురి గిన్నెలో నా కూతురు తాగితే అరిగిపోతాదా? నా బిడ్డ బతికుండాదనేనా మీ కడుపుమంట?"

బావ చెయ్యి వదల్లేదు. పాలు ఒలికాయి. వదిన పిల్లను భుజాన వేసుకుని, కోక కుచ్చిళ్ళకు అంటిన పాలు కూడా తుడుచుకోకుండా మధ్యాహ్నం బస్సుకు పోయింది. ఆమెకు కోపం రావడంలో తప్పు లేదు, ఎవరికైనా వస్తుంది. ఆ కోపానికి కారణం చెప్పకుండా లెక్కల కథ కట్టింది చూడండి, అక్కడే నా తగాదా.

బావ గుడ్డ తెచ్చి నేలమీది పాలు తానే తుడిచాడు. నేను గోడకానుకుని నిలబడి ఎదురుచూశాను. ఇప్పుడంటాడు, పాప పేరు ఇప్పుడు ఎత్తుతాడు, అంటే నేనూ ఏడుస్తాను, ఇద్దరం ఏడిస్తే ఏదో ఒకటి తెగిపోతుంది అనుకున్నాను. ఆయన గుడ్డ పిండి, "అక్కకు బస్సు దొరికిందో లేదో" అన్నాడు.

స్థలం రద్దయింది. ఎండలు ముదిరేసరికి మామ ఎద్దులనూ అమ్మేశాడు, మా డబ్బు తిన్న తర్వాతే. నేను "చెప్పలేదా" అనలేదు. నా నోరు తెలిసినవాళ్ళు ఇది నమ్మరు.

ఆ ఎండల్లోనే ఒక పొద్దున పాలామె ఖాళీ చేతులతో వచ్చింది. నేను గిన్నెతో నిలబడ్డాను. బావ వాకిట్లో వేపపుల్లతో పళ్ళు తోముకుంటున్నాడు.

"ఎనుమును సంతకు తోలేస్తిమమ్మా. మేత ల్యాదు, ఏం జేద్దుము. మా పక్కింటామెది మొన్న ఈనింది. రేపట్నుంచి ఆమెను పోయమని చెప్తా. చెప్పేదా?"

నేను బావ వైపు చూశాను. బావ నా వైపు చూశాడు. ఆమె మా ఇద్దరి మొహాలూ మార్చిమార్చి చూసి, ఏదో ఒకటి మాట్లాడాలన్నట్టు, "అయ్యకు మా ఇల్లు తెలుసు గదా. దసరా ముందర ఒకసారి వచ్చినాడు" అంది.

"ఎందుకు?" అన్నాను.

"ఏమోనమ్మా. సైకిలు ఇసకలో నూకుకుంటా వచ్చినాడు, ఎండన పడి. కూచోమంటే కూచున్నాడు. దూడను నిమిరినాడు. నీతో ఒక మాట చెప్పేకి వస్తి అన్నాడు. చెప్పయ్యా అంటే, ఏమీ ల్యాదులే అని ల్యాసి పాయ."

బావ నోట్లో పుల్ల అలాగే ఉంది. పెరట్లోకి వెళ్ళి బొక్కెన చప్పుడు చేశాడు, అందులో నీళ్ళు లేకపోయినా.

ఆమె ఇంకా నిలబడే ఉంది. "చెప్పేదామ్మా, వద్దా?"

"వద్దులేమ్మా" అన్నాను.

ఆ మాట చివరికి నా నోటినుంచే రావాల్సి వచ్చింది. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయింది. నేను గడప మీదే కూర్చున్నాను. బావ పెరట్లోంచి ఎంతసేపటికీ రాలేదు. వచ్చాక నా పక్కన కూర్చున్నాడు, చొక్కా లేకుండా, ఆఫీసుకు వేళ మించిపోతున్నా. మళ్ళీ జీతం వచ్చిన సాయంత్రం చివర మిగిలిన డబ్బు చేతిలో పట్టుకుని, "దీన్నేం చేద్దాం?" అన్నాడు. బియ్యం కొందామన్నాను. కొన్నాం. ఆ నెల రోజూ అన్నం వండాను. ఏ పూటా మాకు రుచించలేదు.

తర్వాత ఇద్దరు మగపిల్లలు పుట్టారు. వాళ్ళకూ పాలు పోయించాం, వేరే ఊళ్ళో, వేరే ఆమెతో. ఇల్లు ఇప్పటికీ అద్దెదే. బావ తల సగం నెరిసింది. మా వదిన ఎక్కడ కథ మొదలుపెట్టినా ఆయన మెల్లగా చెప్పులు వేసుకుని బయటికి పోతాడు, నన్ను ఒంటరిగా వాదనకు వదిలేసి. దసరా ముందు పాలామె ఇంటికి ఎందుకు పోయావని ఇన్నేళ్ళలో ఎన్నోసార్లు అడిగాను. "దూడను చూసేకి" అంటాడు. దూడను చూడటానికి ఎండలో ఏటి ఇసుకలో సైకిలు తోసుకుంటూ పోయే మనిషి కాదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. అన్ని విషయాల్లో ఆయన్ని ఓడించాను, ఈ ఒక్కదాంట్లో నోరు విప్పించలేకపోయాను.

బావా, ఆ రోజు నువ్వు ఏరు దాటి పోయింది పాలు వద్దని చెప్పేకా, నేను వద్దన్నా వినొద్దని చెప్పేకా?