హమీద్ మేస్త్రి ఊఁ

నరసరావుపేట పల్నాడు రోడ్డులో నిలబడి మోటార్ల హమీద్ మేస్త్రి కొట్టు ఎక్కడండీ అని అడిగితే, అడిగినవాణ్ణి ఎగాదిగా చూసి "ఈ చుట్టుపక్కల మనిషివి కాదా ఏంది?" అంటారు. పేరంటే అట్లాంటి పేరు.

అబ్దుల్ హమీద్ పుట్టింది నాదెండ్ల పక్క పల్లెలో. అక్కడి బడిలోనే ఏడో తరగతి దాకా చదివాడు. ఏడేళ్ళూ దస్తూరీలో ఆయన్ని కొట్టినవాడు లేడు. ఊళ్ళోవాళ్ళ అర్జీలన్నీ పంతులుగారు ఆయన చేతే రాయించేవారు. పదిహేడో ఏట మోటారు వైండింగు పనిలో చెయ్యి పెట్టాడు. ఆ చేతికి ఇప్పటికి యాభై ఏళ్ళు. నాదెండ్ల నుంచి క్రోసూరు దాకా ఆయన దించని మోటారు లేదు. విజయపురి సౌత్ దగ్గర ఒక తోటలో పెద్ద పంపు మూలిగితే, పట్నం నుంచి వచ్చిన మెకానిక్కులు మూడు రోజులు కుస్తీ పట్టి చేతులెత్తేశారు. ఈయన బస్సు దిగి వెళ్ళి, పొడుగాటి స్క్రూడ్రైవరు మొన మోటారు ఒంటికి ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకి నొక్కి పట్టుకుని, అర నిమిషం కళ్ళు మూసుకుని, "కింది బేరింగు" అన్నాడు. విప్పితే కింది బేరింగే! పదకొండు మందికి పని నేర్పాడు, పదకొండు మందికీ సొంత కొట్లున్నాయి. అన్నిటికంటే ఆయన ఛాతీ విరుచుకుని చెప్పుకునే మాట మరొకటుంది. యాభై ఏళ్ళలో ఆయన నిలబడ్డ బోరు దగ్గర ఒక్క మనిషికీ షాకు కొట్టలేదు.

దానికి ఆయనకో పద్ధతుండేది. పొలంలో కాలు పెట్టగానే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి నడిచి, మూడు ఫ్యూజులూ తానే పీకి చొక్కా జేబులో వేసుకునేవాడు. మోటారు దించి, తీగెలు కలిపి, టేపు చుట్టి, ఫ్యూజులు మళ్ళీ పెట్టి వచ్చాక, రైతు స్టార్టరు దగ్గర నిలబడి "వేయమంటావా?" అని కేకేస్తాడు. ఈయన "ఊఁ" అంటాడు. ఆ ఊఁ వినపడిందాకా పచ్చ బటను మీద ఎవడూ వేలు పెట్టకూడదు. హమీద్ మేస్త్రి ఊఁ అన్నాడంటే నీళ్ళు పడ్డట్టేనని రైతులు చెప్పుకునేవాళ్ళు.

తర్వాత మోకాళ్ళు పట్టేశాయి. గట్ల మీద నాలుగు చేల అవతల ట్రాన్స్‌ఫార్మర్ దాకా నడవడం కష్టమైంది. నడక తగ్గింది, ఫ్యూజులు పీకడం మానేశాడు. స్టార్టరు కట్టేసే ఉంటుంది కదా, నోటి మాట సరిపోతుందిలే అనుకున్నాడు. మోకాళ్ళతో పాటే చెవులూ పోయాయి. మోకాళ్ళ సంగతి అందరికీ చెప్పాడు, చెవుల సంగతి ఎవరికీ చెప్పలేదు. వినపడని మేస్త్రి కొట్టు మెట్లు ఎవడెక్కుతాడు?

అసలు ఆయన నమ్మనే లేదు. స్క్రూడ్రైవరు ఎముకకి ఆనిస్తే బేరింగు లోపలి గీర కూడా తెలుస్తుంది. మోటారు మాట తెలిసే చెవికి మనిషి మాట తెలియకపోవడమేంది? ఈ మధ్య మనుషులే నోరు విప్పకుండా గొణుగుతున్నారు, అదీ ఆయన లెక్క. కోడలు జెబా ఒకసారి చెవి మిషను సంగతి ఎత్తింది. "అది ముసలాళ్ళకి తల్లీ" అన్నాడు అరవై ఏడేళ్ళ హమీద్. భార్య హసీనా నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది.

వినపడనప్పుడల్లా "ఏంది?" అని అడగడం చిన్నతనమనిపించి, ఊఁ అనడం మొదలుపెట్టాడు. ఎదుటివాడి పెదాలు ఆగగానే ఒక ఊఁ. సాధారణంగా సరిపోయేది. సరిపోనప్పుడు గొడవయ్యేది. సిలిండరు అయిపోయింది, ఫోన్ చెయ్యమని హసీనా అంటే ఊఁ అని మసీదుకి వెళ్ళిపోయాడు, ఆ పూట ఇంట్లో పొయ్యి వెలగలేదు. పక్క గాజుల కొట్టు అనసూయ, "అన్నా, మీ పాత ఇనుమంతా మా మెట్ల మీదికొస్తోంది, తీయిస్తావా?" అని వారంలో నాలుగుసార్లు అడిగింది, నాలుగుసార్లూ ఊఁ అన్నాడు, ఇనుము కదల్లేదు. "మీ ఊఁ పట్టుకెళ్ళి గాజుల డబ్బాలో పెట్టుకుంటానులే అన్నా" అని ఆమె విసురుగా లోపలికి పోయింది. దానికీ ఊఁ అన్నాడు.

క్రోసూరు నుంచి ఒక రైతు కాలిపోయిన మోటారు తెచ్చి, "మా అమ్మ పోయింది మేస్త్రీ, అందుకే తేవటం ఆలస్యమైంది" అన్నాడు. ఆలస్యమన్న ముక్క ఒక్కటి చెవిన పడింది ఈయనకి. "ఊఁ, మంచిదేలే, ఇప్పుడన్నా అయిందిగా" అన్నాడు. ఆ మనిషి మోటారు ఎత్తుకుని వెనక్కి తిరిగాడు. కొడుకు సాజిద్ రోడ్డు మీదికి పరుగెత్తి, అతని చేతులు పట్టుకుని, ఏదో చెప్పి, మోటారుతో సహా తీసుకొచ్చాడు. ఏం చెప్పావురా అని తండ్రి అడగలేదు. కొడుకూ చెప్పలేదు.

ఆ నవంబరులో నాదెండ్ల అవతల వీరాంజనేయులు పొలంలో మోటారు దించే పని పడింది. రెండు తరాల ఎరుక వాళ్ళది. అతను ఈయన్ని మావా అంటాడు, ఈయన అతన్ని అల్లుడూ అంటాడు. మిరప పూత మీదుంది. ఐదు రోజులుగా తడి లేక ఆకు ముడుచుకుంటోంది. వీరాంజనేయులు నిలబడ్డ చోట నిలబడటంలేదు.

"మావా, పదకొండుకి కరెంటు పోద్ది. ఈలోపు నాలుగు సాళ్ళన్నా తడవాల."

"తడుస్తయ్‌లే అల్లుడూ. నీ కంగారుకి మోటారుక్కూడా దడొస్తోంది."

మూడు కాళ్ళ స్టాండు, కప్పీ పెట్టి పది గంటలకల్లా మోటారు దించారు. స్టార్టరు నుంచి వచ్చే తీగెల్ని, బోరులోంచి వచ్చే తీగెల్ని కలపడం మిగిలింది. సాజిద్ బోరు పక్కన గొంతుక్కూర్చుని, తోలు ఒలిచిన రాగి కొసల్ని వేళ్ళతో మెలిపెడుతున్నాడు. హమీద్ అతని వెనక నిలబడ్డాడు. వీరాంజనేయులు నలభై అడుగుల అవతల రేకుల షెడ్డులో స్టార్టరు దగ్గరున్నాడు. గట్టు మీద అతని భార్య శివపార్వతి టీ ఫ్లాస్కు పట్టుకుని వస్తోంది. గాలి ఎదురు కొడుతోంది.

వీరాంజనేయులు షెడ్డులోంచి తల బయటపెట్టి ఏదో అడిగాడు. పెదాలు కదలడం హమీద్‌కి కనపడింది. ఒక క్షణమాగి మళ్ళీ అడిగాడు. ఈయన గట్టు వంక చూశాడు. టీ వస్తోంది. టీ పోయమంటావా అనే అడిగుంటాడు, ఇంకేముంటుంది?

చెయ్యి పైకెత్తి, గట్టిగా, "ఊఁ" అన్నాడు.

సాజిద్ కేక మాత్రం హమీద్‌కి బాగానే వినపడింది. కొడుకు వెనక్కి విరుచుకుపడ్డాడు. శివపార్వతి చేతిలో ఫ్లాస్కు గట్టు మీంచి దొర్లింది. కేక విని వీరాంజనేయులు ఎర్ర బటను నొక్కి పరుగున వచ్చాడు, చెప్పులు షెడ్డులోనే ఉండిపోయాయి. ఆ చెప్పులు లేని కాళ్ళతోనే ట్రాక్టరు తోలుకుంటూ సాజిద్‌ని నరసరావుపేట ఆస్పత్రికి చేర్చాడు.

ప్రాణం నిలిచింది. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు కాలిపోయాయి. చూపుడువేలు ఒక కణుపు తీసెయ్యాలన్నారు డాక్టర్లు. సన్నతీగె చుట్టే పనికి ఆ రెండు వేళ్ళే ఆధారం.

ఆస్పత్రి వరండాలో జెబా తమ్ముడు ఐజాజ్ వీరాంజనేయుల్ని గోడకి అదిమిపట్టాడు. ఐజాజ్‌ది బైకు మెకానిక్కు పని, కోపం ముందు, మాట తర్వాత.

"మనిషి చెయ్యి తీగె మీదుంటే బటను ఎట్టా నొక్కావురా? కళ్ళు దొబ్బినయ్యా?"

"అడిగాను తమ్ముడూ. రెండుసార్లడిగా. మావ ఊఁ అన్నాడు."

"పెద్దాయన మీద పెడతన్నావా? యాభై ఏళ్ళ అనుభవం ఆయనది! ఆయన అట్టా అంటాడా? ఇంకొకసారి అన్నావంటే పళ్ళు రాలతయ్." ఐజాజ్ హమీద్ వైపు తిరిగాడు. "చాచా, నువ్వు చెప్పు. వీడు నిన్నడిగాడా?"

ఎదురుగా, రెండడుగుల దూరంలో, విడమరిచి అడిగిన మాట. ఇది హమీద్‌కి తెలిసింది. వరండాలో పదిమంది ఆయన నోటి వంక చూస్తున్నారు. ఆ పదిమందిలో ఇద్దరు ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు. అడిగాడు అంటే, వినపడలేదని చెప్పాలి. వినపడలేదంటే, యాభై ఏళ్ళ పేరు ఆ వరండాలోనే ఊడ్చుకుపోతుంది.

హమీద్ ఊఁ అనలేదు, ఉహూఁ అనలేదు. దగ్గి, కిటికీలోంచి బయటికి చూశాడు.

"చూశావా? ఆయనకి నోట మాట రావటంలా" అన్నాడు ఐజాజ్. "కేసు పెడదాం. కోర్టు వాయిదాలకి తిరిగితే తెలుస్తది వీడికి."

మధ్యాహ్నం శివపార్వతి క్యారియరు తెచ్చింది. జెబా మొహం తిప్పుకుంది. క్యారియరు బెంచీ మీద అట్లాగే ఉండిపోయింది. శివపార్వతి హమీద్ ముందు నిలబడి చేతులు జోడించి ఏదో చెప్పింది, మధ్యలో ఆపి కొంగుతో మొహం తుడుచుకుంది, మళ్ళీ చెప్పింది. ఒక్క ముక్క వినపడలేదు. వినపడనక్కర్లేదు కూడా. పెద్దాయన ఒక్క మాట చెబితే మా ఇల్లు నిలబడుతుందని తప్ప ఆ చేతుల్లో ఇంకేముంటుంది?

ఆ రాత్రి హసీనా పక్కన కూర్చుని, ఆయన చెవికి నోరు ఆనించి అంది: "నిజం చెప్పు. అడిగాడా?"

హమీద్ అలిసిపోయాడు. యాభై ఏళ్ళ అలుపు ఒక్కసారే భుజాల మీద కూర్చున్నట్టనిపించింది. "పడుకో పో" అన్నాడు.

మర్నాడు పొద్దున, ఆస్పత్రి నుంచి కబురందుకుని కానిస్టేబులు జయరాజు కాగితాలు పట్టుకుని వచ్చాడు. ఐజాజ్ గబగబా చెబుతుంటే బెంచీ మీద ఒత్తిపెట్టి రాసుకున్నాడు. వీరాంజనేయులు వరండా చివర స్తంభానికి ఆనుకుని కింద కూర్చున్నాడు. నిన్నటి బట్టలే. ఇంటికే పోలేదు.

"పెద్దాయనా, అక్కడ దగ్గరున్నది నువ్వేగా. ఇక్కడ సంతకం పెట్టు" అన్నాడు జయరాజు, కాగితం మీద వేలు పెట్టి.

"ఇటియ్యి. నేను చదువుకుంటా."

చదవడానికి చెవులక్కర్లేదు. కళ్ళజోడు సరిచేసుకుని అక్షరం వదలకుండా చదివాడు. నాలుగో వరుసలో ఉంది: సదరు రైతు ఎవరినీ అడగకుండానే మోటారు వేసినాడు.

ఆ వరుస మూడుసార్లు చదివాడు. చిన్నప్పుడు ఎన్నో అర్జీలు రాశాడు, ఊళ్ళో వాళ్ళ కష్టాలు, నష్టాలు. అబద్ధం ఉన్న కాగితం ఏదీ ఆయన చేతి మీదుగా పోలేదు. ఇది మొదటిదవుతుంది.

జయరాజు చేతిలోంచి కలం తీసుకున్నాడు. నాలుగో వరుస మీద అడ్డంగా గీత గీశాడు. కింద, గుండ్రటి అక్షరాలతో, తొందరపడకుండా రాశాడు: రైతు రెండు మార్లు అడిగినాడు. నాకు వినపడలేదు. అయినా ఊఁ అన్నాను. నాకు మూడేళ్ళ నుంచి చెవులు వినపడవు. ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. ఫ్యూజులు పీకలేదు. తప్పు నాది.

కింద సంతకం చేశాడు. అబ్దుల్ హమీద్, మోటారు మేస్త్రి.

జయరాజు పైకి చదివాడు. ఐజాజ్ మొహం ఎర్రబడింది. "చాచా, ఏంది రాశావు? నీ పేరు నువ్వే నాశనం చేసుకుంటావా?" అని చెయ్యి విదిలించి మెట్లు దిగిపోయాడు. వీరాంజనేయులు లేచి వచ్చాడు. ఏడుస్తున్నాడో ఏమో, మొహం తుడుచుకుంటూ ఏదో అన్నాడు. హమీద్ అతని భుజం పట్టి దగ్గరికి లాక్కున్నాడు.

"గట్టిగా చెప్పు అల్లుడూ. నాకు చెవుడు."

"నేనన్నా నడిచొచ్చి చూసి నొక్కాల్సింది మావా అంటన్నా. కరెంటు పోద్దని కంగారు."

"ఇంటికి పో. చేనెండిపోద్ది. చెప్పులేసుకో ముందు."

ఆ తర్వాత లోపల, కొడుకు మంచం పక్కన కూర్చున్నాడు. సాజిద్ కుడిచెయ్యి కట్లతో దిండంత ఉంది. వరండాలో జరిగిందంతా జెబా అప్పటికే చెప్పేసింది.

"నాకు చెవులు పోయినయ్‌రా" అన్నాడు హమీద్, గోడతో చెప్పినట్టు.

సాజిద్ ఎడమచేత్తో తండ్రి గడ్డం పట్టి తన వైపు తిప్పుకున్నాడు, పెదాలు కనపడేట్టు. "తెలుసు అబ్బా. రెండేళ్ళు దాటింది. అమ్మీకి తెలుసు, జెబాకి తెలుసు. గాజుల కొట్టు ఆంటీక్కూడా తెలుసు."

"మరి ఒక్కళ్ళు కూడా చెప్పలేదేం?"

"నువ్వు చెప్పనిది మేమెట్టా చెబుతాం?"

హమీద్ కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. తర్వాత అడిగాడు. "సరే. తెలిసీ, ఫ్యూజులు పీకకుండా తీగె మీద చెయ్యెట్టా పెట్టావురా?"

సాజిద్ తల పక్కకి తిప్పుకుని, దిండులోకి ఏదో అన్నాడు.

"ఏంది? మళ్ళీ చెప్పు."

"బద్ధకం అబ్బా" అన్నాడు సాజిద్, గట్టిగా, గది అంతా వినపడేట్టు. "ఎండ మండుతోంది. నాలుగు చేల అవతలికి ఎవడు నడుస్తాడులే అనుకున్నా."

పక్క మంచం రోగి ఇటు తిరిగి చూశాడు. హమీద్‌కి తిట్టాలనిపించింది, తిట్టే అర్హత వెతుక్కుంటే దొరకలేదు. కొడుకు కట్టు మీద వాలిన ఈగని తోలి, చెయ్యి అక్కడే అడ్డంగా పెట్టుకుని కూర్చున్నాడు.