కంప్యూటర్ విప్పడం వచ్చిన పాపానికి

కళ్యాణదుర్గంలో నేను పనిచేసే ఆఫీసులో వరసగా నాలుగు రోజులు సెలవులొచ్చి, ఐదో రోజు పొద్దున తాళం తీసి కంప్యూటర్లు ఆన్ చేస్తే ఒక వాసన వస్తుంది. పెట్టెల లోపల పేరుకున్న సన్నటి ఎర్రదుమ్ము వేడెక్కి మెల్లగా కాగే వాసన. పక్క సీటు ఆయన కిటికీ తెరిచి తన పనిలో తాను పడిపోతాడు. నాకు మాత్రం ఆ వాసన తగిలితే చాలు, గుండెల మీద ఎవరో ఎక్కి కూచున్నట్టు ఊపిరాడదు. ఇద్దరు పిల్లల తల్లిని, పది మందికి పని చెప్పేదాన్ని, తలుపు తెరిచే ఉందా లేదా అని వెనక్కి తిరిగి చూసుకుంటాను. చెప్పుకోవడానికి సిగ్గే, అయినా ఉన్న మాట చెబుతున్నాను.

మాది ధర్మవరం పక్కన బత్తలపల్లి. కంప్యూటర్ మా ఇంట్లోకి రాకముందు నా బాల్యం కూడా అందరి బాల్యంలాగే వీధిలోనే గడిచింది. ఆషాఢం గాలికి కళ్లనిండా మన్ను పడుతున్నా లెక్కచేయకుండా కుంటాట ఆడడం, అరుగుల మీద అచ్చనగండ్లు, వేరుశనగ చేలల్లో చెనిక్కాయలు పెరికే కాలంలో పచ్చికాయలు ఉప్పేసి ఉడకబెట్టిన కుండ చుట్టూ చేరి వేళ్లు కాలుతున్నా ఒలుచుకు తినడం, పీర్ల పండుగకు చదివించి పంచే చక్కెర కోసం గుంపులో దూరి చేయి చాపడం, ఉగాదికి అమ్మ పెనం మీద నుంచి తీసి నెయ్యి పూసి ఇచ్చే ఓళిగను ఆరనీయకుండా నోట్లో వేసుకుని నాలుక కాల్చుకోవడం. అన్నిటికన్నా తొలకరి కోసం ఎదురుచూసేదాన్ని. అమ్మ పుట్టిల్లు వజ్రకరూరు. మొదటి వానకు నేల కడుక్కుపోగానే చద్దిమూట కట్టుకుని, అమ్మా నేనూ అక్కడి చేలల్లో పొద్దుగూకేదాకా నడుములు వంచి వజ్రాలు వెతికేవాళ్లం. మాకు ఏనాడూ దొరకలేదు. ఒకసారి మాత్రం ఒక గాజుపెంకు నన్ను అరగంట సేపు కోటీశ్వరురాలిని చేసింది.

మా నాయన చీరలు నేసేవాడు కాదు, చీరలకు డిజైన్లు వేసేవాడు. గళ్ల కాగితం మీద సన్నటి కుంచెతో గడి తర్వాత గడి నింపుకుంటూ, అంచులో హంస ఎక్కడ మెడ తిప్పాలో, కొంగులో నెమలి ఎక్కడ తోక విప్పాలో చూపించేవాడు. ధర్మవరంలో షావుకార్లందరూ కంప్యూటర్ డిజైనే కావాలని పట్టుబట్టడంతో ఆయన కూడా కోర్సు నేర్చుకుని, నేను ఏడో తరగతిలో ఉండగా, ఎవరో వాడి వదిలేసిన కంప్యూటర్‌ను ఆటోలో వేసుకొచ్చాడు. లావు మానిటరు, పసుపు తిరిగిన కీబోర్డు, పక్కరేకుకు ఒక్క మరమేకే మిగిలిన సీపీయూ. అమ్మ దానికి హారతి ఇచ్చింది. నాయన వెనక గదిని దానికి కేటాయించి, దుమ్ము రాకుండా కిటికీ సందులన్నిటికీ కాగితాలు అంటించి, తలుపు ఎప్పుడూ మూసే ఉండాలనీ, కాళ్లు కడుక్కోనిదే ఎవరూ లోపలికి రాకూడదనీ చట్టం చేశాడు. గుళ్లో దేవుడికైనా కాస్త గాలి ఆడుతుంది, మా ఇంట్లో ఆ మహానుభావుడికి అదీ లేదు.

అయినా మా సీమ దుమ్ము కాగితాలకు ఆగుతుందా? దుమ్ముకు తోడు చుట్టుపక్కల మగ్గాల నుంచి లేచే పట్టునూగు. రెండూ కలిసి లోపలి ఫ్యానుకు దూదిలా చుట్టుకుంటే, మిషన్ వేడెక్కి సగం నెమలి దగ్గర టప్పున ఆరిపోయేది. నాయన నెత్తి కొట్టుకునేవాడు. ఆయనకు ఆ పెట్టె విప్పాలంటే షాకు కొడుతుందని వణుకు. అందుకని అనంతపురం నుంచి బాషన్న అనే మెకానిక్‌ను పిలిపించాడు. పెట్టె విప్పినప్పుడు నాయన గడప అవతల నిలబడ్డాడు, టార్చి పట్టుకున్నది నేను.

“చూడు పాపా, దీనికి నోరుండాది. ఆన్ చేస్తానే చిన్నగా ఒక్క కూత కూసిందంటే బాగుండాదని. ఆగి ఆగి పొడుగ్గా కూసిందంటే ర్యామ్ సరిగ్గా కూచోలేదని” అని ఆ పచ్చటి పట్టీ తీసి, దాని బంగారు పళ్లను పెన్సిలు రబ్బరుతో రుద్ది నా చేతికిచ్చాడు. నేను దాన్ని గాడిలో పెట్టి రెండు కొసలూ ఒత్తితే క్లిక్కుమని కూచుంది. ఆన్ చేస్తే ఒక్క కూత.

“పాప చెయ్యి తేలిగ్గా ఉండాదన్నా. ఇంగ నాతో పనిలేదు నీకు” అన్నాడు బాషన్న నాయనతో. ఆ ఒక్క మాట నా కొంప ముంచింది.

మొదట్లో అబ్బో, నా గర్వానికి పట్టపగ్గాలు లేవు. ప్లగ్గు పీకడం, ఒంటి మీది కరెంటు దిగిపోయేలా కిటికీ కమ్మిని ఒకసారి ముట్టుకోవడం, పక్కరేకు జరపడం, నాయన పాత కుంచెతో ఫ్యాను రెక్కల మీది నూగు తీయడం, సైకిలు పంపుతో మూలల్లో గాలి కొట్టడం, వేడికి వదులైన వైర్లు ఒక్కొక్కటే పీకి మళ్లీ గుచ్చడం, అన్నీ నాకే తెలుసు. నాయన వీధిలో అందరికీ “మా పాప చెయ్యి పెడితే చాలు” అని చెప్పుకునేవాడు. పన్నెండేళ్ల పిల్లకు అంతకన్నా ఏం కావాలి?

ఏడాది తిరిగేసరికి తెలిసొచ్చింది. మిషన్ ఎప్పుడు ఆగుతుందో ఎవరికీ తెలియదు కాబట్టి నేను ఎప్పుడూ ఇంట్లోనే ఉండాలి. లెక్కల పీరియడు మధ్యలో బడికి కబురొచ్చేది, పుస్తకాలు సర్దుకుని వస్తుంటే పిల్లలు “డాక్టరమ్మ పోతాంది” అని నవ్వేవాళ్లు. కుంటాటలో నా వంతు వచ్చేసరికి లోపలి నుంచి పిలుపు. తొలకరికి అమ్మ ఒక్కతే వజ్రకరూరు పోయింది, నేను ఆ మూసిన గదిలో, చెమటలు కారుతుంటే, నాయన కుర్చీ వెనక స్టూలు మీద కూచుని వాన చప్పుడు విన్నాను. కిటికీ కాగితాల అవతల వాన పడుతోంది, నాకు ఒక్క చుక్క కనపడలేదు. ఏడుపొచ్చింది. ఆయన మానిటరు మీద నుంచి చూపు తిప్పలేదు.

మూడేళ్లు అలా గడిచాయి. పదో తరగతిలో నాకు మంచి మార్కులొచ్చి, అనంతపురంలో హాస్టలుండే కాలేజీలో సీటు వచ్చింది. వచ్చే సోమవారానికి చేరకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. కాగితం చదివి నాయన నా తల నిమిరాడు.

“నువ్వు పోతే దీన్నెవరు చూస్తారు పాపా? ఈడ చదువుకోకూడదా ఏంది? పొద్దున పో, మధ్యాన్నానికి ఇంటికి రా.”

కోప్పడి ఉంటే ఎదురు తిరిగేదాన్ని. అంత ప్రేమగా అడిగితే ఏం చేయను? డిజైన్లు ఆగితే ఇల్లు ఆగుతుందన్నది నిజమే. లోపలికి పోయాను.

మరునాడు మధ్యాహ్నం నాయన ధర్మవరం పోయినప్పుడు, నేను ఆ పెట్టె విప్పి, స్క్రూడ్రైవర్ పిడికిట్లో బిగించి, మదర్‌బోర్డు నడిబొడ్డున ఎక్కడ పొడిస్తే మళ్లీ లేవకుండా చస్తుందా అని వెతుకుతున్నాను. చెయ్యి ఎత్తాను కూడా. గది తలుపు దగ్గర అమ్మ నిలబడి ఉంది.

“పొడుస్తావా? పొడువు. వచ్చే వారం ఇంకోటి తెస్తాడు. దాన్నీ నువ్వే చూడాల.”

నేను బావురుమన్నాను. అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుని నా పక్కన చతికిలబడింది.

“ఏడ్చింది చాలు. నాకు చూపీ.”

“నీకెందుకమ్మా ఇదంతా?”

“నువ్వు పోవాల్నా, వద్దా?”

అమ్మ గురించి ఒక సంగతి చెప్పాలి. ఆమె అచ్చు అతికే మనిషి. మగ్గం మీద పాత అచ్చు, అంటే నిలువు పోగుల వరస, అయిపోతే, దాని వేల పోగుల కొసలను కొత్త పోగులతో ఒక్కొక్కటే పురిపెట్టి కలపాలి, వేళ్లు జారకుండా మధ్యమధ్య బూడిద అద్దుకోవాలి. అమ్మా, ఆమె జోడు రంగక్కా ఈ పని మీద ఊళ్లో ఇల్లిల్లూ తిరిగేవాళ్లు. వక్కాకు నములుతూ, ఊరి సంగతులన్నీ ఏకరువు పెడుతూ, చూపు ఒకచోట వేళ్లు ఒకచోటగా పని సాగించేవాళ్లు. అమ్మ నవ్వు ఇంట్లో కన్నా పరాయి ఇళ్ల మగ్గాల దగ్గరే ఎక్కువ వినపడేది. ఆమె ఏ ఇంట్లో ఉందో కనుక్కోవాలంటే మేము వీధిలో నిలబడి ఆ నవ్వు ఎటు నుంచి వస్తోందా అని చెవి ఒగ్గేవాళ్లం.

అలాంటి చేతులకు ర్యామ్ పట్టుకోవడం ఒక లెక్కా అనుకున్నాను. మొదటి రోజు నేను నీళ్లు తాగి వచ్చేలోపల అమ్మ తానే తీసి, తానే పెట్టి, ఆన్ చేసింది. చిన్న కూతా లేదు, పొడుగు కూతా లేదు, మిషన్ మూగబోయింది. చూస్తే పట్టీ నిండా బూడిద, గాడి నిండా బూడిద! సన్నటి పని అనగానే అలవాటు కొద్దీ పొయ్యిలో వేళ్లు అద్దుకుని మరీ వచ్చి పట్టుకుంది మహాతల్లి. నాయన బస్సు దిగే వేళవుతోంది. సైకిలు పంపుతో గాడిలో గాలి కొట్టి కొట్టి, రబ్బరు అరిగేదాకా పట్టీని రుద్ది, చివరికి ఒక్క కూత వినపడేసరికి తల్లీకూతుళ్లం ఒకరి మీద ఒకరు పడి నవ్వాం. ఆ గదిలో నేను నవ్వింది ఆ ఒక్కసారే.

నాయన ఇంట్లో లేని మధ్యాహ్నాలన్నీ వాడుకున్నాం. అమ్మకు చదువు రాదు, అయితే ఏ వైరు ఏ రంగుదో, ఏ మరమేకు ఎక్కడిదో ఒకసారి చూపితే మరిచేది కాదు. శనివారం నాయన పెళ్లిచీర డిజైను వేస్తుండగా, సాయంత్రానికి అది షావుకారుకు అందాల్సి ఉండగా, మిషన్ ఆరిపోయింది. మళ్లీ వేస్తే పొడుగు కూతలు.

“పాపా!” అని కేక వేశాడు.

నేను గడప దగ్గరికి పోయి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. నన్ను దాటుకుని అమ్మ లోపలికి పోయింది.

“నీకేం తెలుసే? దూరముండు, షాకు కొడుతుంది.”

అమ్మ ప్లగ్గు పీకింది, కమ్మి ముట్టుకుంది, రేకు జరిపింది. పట్టీ తీసి రుద్ది, గాడిలో పెట్టి రెండు కొసలూ ఒత్తింది. చిన్నగా ఒక్క కూత. నాయన అమ్మను చూశాడు, నన్ను చూశాడు.

“ఎప్పుడు నేర్చినావే ఇది?”

“పాప సోమవారం పోవాల” అంది అమ్మ.

సోమవారం మొదటి బస్సుకు నా ట్రంకుపెట్టెను నాయనే పైకెక్కించాడు. హాస్టల్లో కిటికీ పక్క మంచం కోసం పోట్లాడి మరీ తీసుకున్నాను. ఎవరూ పిలవని సాయంత్రం అంటే ఏమిటో మొదటిసారి తెలిసింది. దసరాకు ఎగురుకుంటూ ఇంటికి వచ్చాను. ఓళిగల వాసన వీధిదాకా వస్తోంది. నేను గడపలో చెప్పులు విప్పుతుండగానే రంగక్క వచ్చింది.

“ఏం రత్నమ్మా, రావా? పాత వీధిలో అచ్చుండాది.”

వెనక గదిలో నుంచి అమ్మ లేచిన చప్పుడైంది. ఆమె కన్నా ముందు నాయన గొంతు వచ్చింది.

“యాడికి? డిజైను మధ్యలో ఉండాది. ఇది ఆగితే ఎవరు చూస్తారు?”

స్టూలు మళ్లీ కిర్రుమంది. రంగక్క ఒక్కతే వెళ్లిపోయింది. ఈమధ్య అమ్మ ఎక్కడికీ రావడం లేదని, వజ్రకరూరు కూడా పోలేదని తర్వాత తెలిసింది. నాయనను నిలదీయాలని నోటిదాకా వచ్చింది. నిలదీయలేదు. నిలదీస్తే ఆ స్టూలు మీద మళ్లీ నేనే కూచోవాల్సి వస్తుందేమోనని నాకు భయం. ఓళిగ తిన్నాను, పండుగ చేసుకున్నాను, నాలుగో రోజు బస్సెక్కాను. నేను ఆ గదిలో నుంచి బయటపడలేదు, నా తావులో అమ్మను కూచోబెట్టి వచ్చాను. తెలిసే వచ్చాను.

అమ్మ అక్కడ తొమ్మిదేళ్లు కూచుంది. ఇప్పుడు ఆ మిషన్ లేదు, పాత సామాన్ల గుజరీకి పోయింది. నాయన చూపు తగ్గి డిజైన్లు మానుకున్నాడు, షావుకార్లకు డిజైన్లు ఎక్కడెక్కడి నుంచో ఫోన్లలోనే వస్తున్నాయి. మా వీధిలో మగ్గం చప్పుడు మూడు నాలుగిళ్లలో తప్ప వినపడదు. రంగక్క పోయింది. పరాయి ఇళ్లలో నుంచి వినపడే ఆ నవ్వు మళ్లీ రాలేదు.

పోయిన నెల అమ్మ మా ఇంటికి వచ్చి పది రోజులుంది. ఒక సాయంత్రం మావాడు స్కూలు పని చేసుకుందామని కంప్యూటర్ ఆన్ చేస్తే, ఆగి ఆగి పొడుగ్గా కూసింది. అమ్మ వసారాలో కూచుని చెనిక్కాయలు ఒలుస్తోంది. మొదటి కూతకే ఆమె వేళ్లు ఆగిపోవడం నేను చూశాను.

“అవ్వా, నీకు ఇది బాగుచేయడం వచ్చంట కదా! అమ్మ చెప్పింది. రా, చూడు” అని మావాడు ఆమె చెయ్యి పట్టుకుని లాగాడు.

అమ్మ మెల్లగా చెయ్యి విడిపించుకుంది. లేచి ఒళ్లో పొట్టు దులుపుకుంది. నా మొహం వంక నేరుగా చూసింది.

“నాకు రాదప్పా. ఎవరినన్నా పిలిపించుకోండి” అంది.

తర్వాత చెప్పులు వేసుకుని, అట్ట వీధిలోకి పోయొస్తానని చెప్పి, గేటు తీసుకుని వెళ్లిపోయింది. చీకటి పడే వేళయినా నేను వెనక్కి పిలవలేదు.